మొట్టమొదటి చట్టానికి చట్టబద్ధత ఎవరిచ్చారు?

నల్లకోటు_ఇంకా_రాలేదు

లా మొదటి ఏడాది చదువుతున్నాను. ఒక సందేహం నాలుగు రోజులుగా బుర్ర తినేస్తోంది. ఒక నిబంధన ఎందుకు చెల్లుతుంది? ఫలానా చట్టం కింద చేశారు కాబట్టి. ఆ చట్టం ఎందుకు చెల్లుతుంది? చట్టసభ చేసింది కాబట్టి. చట్టసభకు ఆ అధికారం రాజ్యాంగం ఇచ్చింది. మరి రాజ్యాంగానికి ఎవరిచ్చారు? ఇలా వెనక్కి వెనక్కి వెళ్తే చివర్లో ఎవరున్నారు? మొట్టమొదట చట్టం చేసినవాడికి, చట్టం చేసే హక్కు ఏ చట్టం ఇచ్చింది?

క్లాసులో అడిగితే "ముందు హమ్మురాబిని చదువు" అన్నారు. చదివాను. సందేహం ఉన్నచోటే ఉంది.

మట్టిపలక

బాబిలోన్ రాజు హమ్మురాబితో మొదలుపెట్టమనడమే పొరపాటు. అతనికి సుమారు మూడు వందల ఏళ్ల ముందే, అంటే క్రీ.పూ. 2100 ప్రాంతంలో, మెసపొటేమియాలోని ఊర్ నగరంలో సుమేరు భాషలో రాసిన శాసనం ఉంది. ఊర్-నమ్ము శాసనం అంటారు. తమాషా ఏమిటంటే, అందులో ఎదుటివాడి ఒళ్లు గాయపరిస్తే ఇంత వెండి కట్టు అని ఉంటుంది. "కంటికి కన్ను" దాని తర్వాత వచ్చింది. మనిషి మొదట పగ తీర్చుకునేవాడు, నాగరికత పెరిగాక జరిమానాకి దిగాడు అని మనం చెప్పుకునే కథ మొదటి మెట్టులోనే తడబడుతుంది.

ఇక హమ్మురాబి రాయి. రెండుంబావు మీటర్ల నల్లరాయి, దాదాపు 282 నిబంధనలు. దొరికింది బాబిలోన్‌లో కాదు, ఇప్పటి ఇరాన్‌లో ఉన్న సూసాలో, 1901-02లో. క్రీ.పూ. 12వ శతాబ్దంలో సూసాని ఏలిన ఏలాం రాజ్యపు రాజు దాన్ని యుద్ధంలో కొల్లగొట్టి పట్టుకుపోయాడు. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కంటికి కన్ను కూడా సమానుల మధ్యే. సామాన్యుడి కన్ను పొడిచిన పెద్దింటివాడు ఒక మీనా (అప్పటి తూకం) వెండి కట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. నాకు నచ్చేది ఐదో నిబంధన. తీర్పు రాసి ముద్ర వేశాక దాన్ని మార్చిన జడ్జి, ఆ దావా మొత్తానికి పన్నెండు రెట్లు కట్టాలి, మళ్లీ ఆ పీట ఎక్కకూడదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ కాలపు ఒప్పందాలు, తీర్పులు రాసిన మట్టిపలకలు వేలల్లో దొరికాయి. వాటిలో "ఈ రాయి మీద ఇలా ఉంది కాబట్టి" అని తీర్పు చెప్పడం దాదాపు కనిపించదు.

అడ్డుప్రశ్న

కోర్టులో ఎవరూ ఎత్తని చట్టం చట్టమెలా అవుతుందండీ? అది రాజుగారి డప్పు.

తర్కం

డప్పే కావచ్చు. అసలు ప్రశ్న మాత్రం పక్కకి పోతోంది. నల్లకోటు గారు అడిగింది ఎవరు ముందు అని కాదు, ఎందుకు చెల్లుతుంది అని.

ఇంగ్లండు న్యాయతత్వవేత్త జాన్ ఆస్టిన్ 1832లో చాలా సూటిగా చెప్పాడు. చట్టం అంటే సార్వభౌముడి ఆజ్ఞ, మీరితే శిక్ష. సార్వభౌముడు ఎవరు? జనం అలవాటుగా ఎవరి మాట వింటారో, ఎవరు ఇంకొకరి మాట వినే అలవాటు లేనివారో వారు. గొలుసు అక్కడితో ఆగిపోతుంది.

దీన్ని ఇంకో ఇంగ్లీషు న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1961లో చీల్చి పారేశాడు. తుపాకీ చూపించి "పర్సు తియ్" అన్నవాడిదీ ఆజ్ఞే, మీరితే శిక్ష కూడా ఉంది. కానీ మనం ఇవ్వక తప్పలేదు అంటాం, ఇవ్వాల్సిన బాధ్యత ఉంది అనం. రెంటికీ తేడా ఉంది. పైగా చట్టాలన్నీ "చేయకు" అనేవే కావు. వీలునామా ఇలా రాయాలి, కంపెనీ ఇలా పెట్టుకోవాలి అని వీలు కల్పించేవే సగం. అందులో బెదిరింపు ఏముంది? హార్ట్ చెప్పిన జవాబు: ఏది చట్టమో గుర్తుపట్టే ఒక నియమం ప్రతి వ్యవస్థలోనూ అడుగున ఉంటుంది. దానికి మళ్లీ ఇంకో చట్టం ఆధారం ఉండదు. జడ్జీలు, అధికారులు దాన్ని కొలబద్దగా వాడుతున్నారా లేదా అనేదే ఉంటుంది. మీటరు కడ్డీ పొడవు సరిగ్గా ఒక మీటరేనా అని అడిగితే ఏం చెబుతాం?

ఆస్ట్రియా న్యాయవేత్త హాన్స్ కెల్సెన్ ఇంకో దారిలో వెళ్లాడు. గొలుసు చివర ఒక మూల నియమం ఉందని మనం "అనుకుని" ముందుకెళ్లాలి, లేకపోతే మిగతాదేదీ నిలబడదు అన్నాడు.

వాయిదా_వకీలు

కెల్సెన్ వినడానికి బాగానే ఉంటాడు, కోర్టులోకి వచ్చాడంటే ఇల్లు కాలుతుంది. 1958 అక్టోబరులో పాకిస్తాన్‌లో రాజ్యాంగం రద్దు చేసి సైనిక పాలన పెట్టారు. ఆ నెలలోనే దోసో కేసులో అక్కడి సుప్రీంకోర్టు కెల్సెన్‌ని ఉదహరించింది. గెలిచిన విప్లవమే కొత్త మూల నియమం, కాబట్టి ఇది చట్టబద్ధమే అంది. అధ్యాపకుడు గది సర్దుకోవడానికి వేసుకున్న ఊహ, తుపాకీకి రసీదు అయి కూర్చుంది. 1972లో అస్మా జిలానీ కేసులో అదే కోర్టు ఆ తీర్పు తప్పని కొట్టేసింది. ఆ పద్నాలుగేళ్లూ మాత్రం పోయినట్టే.

తర్కం

అది కెల్సెన్ తప్పు కాదు సార్. ఏది చెల్లుబాటు అవుతోందో వర్ణించడం వేరు, దానికి తలొగ్గమని చెప్పడం వేరు.

వాయిదా_వకీలు

జైల్లో ఉన్నవాడికి ఆ తేడా చెప్పి చూడండి.

బెంచిగుమాస్తా

అందరికీ నమస్కారం. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాడిని. పెద్ద పెద్ద పేర్ల మధ్య నా గోల కూడా కాస్త వినండి.

మీరంతా చట్టమంటే రాజు, సభ, రాత అనే చూస్తున్నారు. రాత లేని చట్టం ఎంత కాలం నడిచిందో! ఐస్‌లాండ్‌లో 930లో ఆల్‌థింగ్ అనే సభ మొదలైంది. అక్కడ రాజు లేడు. చట్టం చెప్పే పెద్ద ఒకాయన ఉండేవాడు, మూడేళ్ల పదవి. ఏటా మూడో వంతు చట్టాన్ని బండరాయి దగ్గర నిలబడి నోటికి అప్పజెప్పాలి. మూడేళ్లకి మొత్తం పూర్తి. 1117-18 చలికాలం దాకా దాన్ని రాతలో పెట్టలేదు. అంటే దాదాపు రెండు వందల ఏళ్లు చట్టం ఒక మనిషి నాలుక మీదే ఉంది!

రోముకి వద్దాం. క్రీ.పూ. 451-450లో పన్నెండు ఫలకాలు రాశారు. ఎందుకు? చట్టం పెద్దింటివాళ్లకే తెలుసు, వాళ్లు చెప్పిందే వేదం, మాకూ కనబడేలా రాయండి అని సామాన్యులు పోరాడారు కాబట్టి. ఆ ఫలకాలు పోయాయి, అక్కడా ఇక్కడా ఉదహరించిన ముక్కలే మిగిలాయి. మొదటి ఫలకం మొదటి మాట ఏమిటో ఊహించండి. హత్య కాదు, దొంగతనం కాదు. "కోర్టుకి పిలిస్తే వెళ్లాలి." వెళ్లకపోతే సాక్షుల్ని పెట్టుకుని పట్టుకోవచ్చు. జబ్బో ముసలితనమో అడ్డమైతే పిలిచినవాడే బండి ఏర్పాటు చేయాలి, కాకపోతే మెత్తలు పరిచిన బండి ఇవ్వక్కర్లేదు. సూర్యాస్తమయంతో విచారణ ఆఖరు. నాకైతే ఇది చదివితే నా రిజిస్టరే గుర్తొచ్చింది. సమన్లు, హాజరు, టైము. చట్టం పుట్టుకే అక్కడుంది అంటాను.

ఇంకోటి. రాసేశాక కూడా సామాన్యుడికి అందలేదు. దావా వేయాలంటే ఏ రోజు కోర్టు ఉంటుందో, ఏ మాటలు పలకాలో పూజారి వర్గానికే తెలుసు. మాట తేడా వస్తే దావా పోయినట్టే. తన ద్రాక్షతీగలు నరికారని ఒకడు దావా వేసి, "ద్రాక్షతీగలు" అన్నందుకు ఓడిపోయాడట. ఎందుకంటే ఫలకంలో ఉన్నది "చెట్లు" అని. గాయస్ అనే న్యాయవేత్త రాసిన సంగతి ఇది. చివరికి ఆ రహస్యం బయటపెట్టింది ఎవరు? గ్నేయస్ ఫ్లావియస్. విడుదలైన బానిస కొడుకు, అప్పియస్ క్లాడియస్ దగ్గర గుమాస్తా. క్రీ.పూ. 304 ప్రాంతంలో దావా మాటలన్నీ ప్రచురించి, కోర్టు రోజుల పట్టికని తెల్లపలకల మీద రాసి ఊరి నడిబొడ్డున పెట్టేశాడు. మా కులదైవం లెక్క!

నల్లకోటు_ఇంకా_రాలేదు

గుమాస్తా గారూ, ఈ ద్రాక్షతీగల కథ మా పుస్తకంలో ఎందుకు లేదండీ 😀

మట్టిపలక

రాయడం మంచిదేనా అనే తగాదా కూడా అంత పాతదే. క్రీ.పూ. 536లో చైనాలోని జెంగ్ రాజ్యపు మంత్రి జిచాన్ శిక్షల చట్టాన్ని కంచు పాత్రల మీద పోత పోయించాడు. పక్క రాజ్యపు మంత్రి షూషియాంగ్ ఉత్తరం రాశాడు. జనానికి తగువుకి ఆధారం దొరికితే మర్యాద వదిలేస్తారు, సూదిమొన అంత అక్షరం పట్టుకుని కొట్లాడతారు అని దాని సారాంశం. జిచాన్ జవాబు రెండు ముక్కలు. నాకు అంత దూరం చూసే తెలివి లేదు, ఈ తరాన్ని కాపాడటానికి చేస్తున్నాను.

ద్రాక్షతీగలవాణ్ని చూస్తే షూషియాంగ్ మాటలో నిజం లేకపోలేదు.

అడ్డుప్రశ్న

నేను లా చదవలేదు. ఒక చిన్న విషయం విడమర్చండి. "సివిల్ లా" అని ఒకసారి క్రిమినల్‌కి ఎదురుగా అంటారు, ఒకసారి ఇంగ్లండు చట్టానికి ఎదురుగా అంటారు. ఏది నిజం?

వాయిదా_వకీలు

రెండూ నిజమే. మూడోది కూడా ఉంది, రోములో పౌరులకి మాత్రమే వర్తించేదాన్ని అలా అనేవారు. పదం ఒకటే, ఎవరికి ఎదురుగా నిలబెట్టారో చూసుకోవాలి.

రకాలంటే పుస్తకాల్లో పెద్ద చెట్టు గీస్తారు, పరీక్షకి తప్ప పనికిరాదు. నేను చూసుకునేవి మూడే. ఎదుట ఉన్నది ప్రభుత్వమా, ఇంకో మనిషా? పబ్లిక్ లా, ప్రైవేట్ లా తేడా అదే. ఫలితం శిక్షా, నష్టపరిహారమా? క్రిమినల్, సివిల్ అక్కడ విడిపోతాయి. ఒకే దెబ్బ రెండు కేసులూ అవ్వచ్చు. మూడోది, హక్కు ఏమిటి అని చెప్పే చట్టమా, దాన్ని ఎలా రాబట్టుకోవాలో చెప్పే చట్టమా? కక్షిదారులు మొదటిదాని గురించి వస్తారు, కేసులు రెండోదాని మీద పోతాయి. అంతర్జాతీయ చట్టం ఈ డబ్బాల్లో ఇమడదు, పైన పోలీసు లేడు కాబట్టి. ఆస్టిన్ అయితే దాన్ని చట్టమే కాదన్నాడు.

ఇక రోమన్ దారికి, ఇంగ్లండు దారికి తేడా తెలియాలంటే 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ తిరగేయండి. 2281 ఆర్టికల్స్. అన్నీ అక్కర్లేదు, 4, 5 చాలు. నాలుగు: చట్టం మౌనంగా ఉంది, అస్పష్టంగా ఉంది, చాలడం లేదు అనే సాకుతో తీర్పు చెప్పకుండా తప్పుకున్న జడ్జి నేరం చేసినట్టే. ఐదు: ఎదుట ఉన్న కేసు దాటి అందరికీ వర్తించే నియమం జడ్జి చేయకూడదు. రాసింది లేకపోయినా తీర్పు చెప్పి తీరాలి, కానీ అది చట్టం అని అనకూడదు! విప్లవానికి ముందు అక్కడి పెద్ద కోర్టులు సాధారణ నియమాలు జారీ చేసి రాజ్యం నడిపినంత పని చేశాయి. ఆ చేదు ఇంకా నాలుక మీద ఉంది.

ఇంగ్లండులో తిరగేసి చూడండి. జడ్జి కేసు తేలుస్తాడు, తేల్చిన కారణమే తర్వాతివాళ్లకి చట్టం. 1898లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తన పాత తీర్పు తననే కట్టేస్తుందని గట్టిగా తేల్చింది. 1966లో అవసరమైతే దాటి వెళ్తామని ప్రకటించి ముడి విప్పుకుంది. ఇప్పుడు ఆచరణలో రెండూ బాగా దగ్గరపడ్డాయి. ఫ్రాన్సులో వకీళ్లు కూడా పాత తీర్పులు వెతుక్కునే కోర్టుకి వెళ్తారు.

మట్టిపలక

రోమన్ దారిలో ఒక నవ్వొచ్చే మజిలీ ఉంది. పండితుల అభిప్రాయాలు గుట్టలుగా పడి, ఎవర్ని నమ్మాలో తెలియక 426లో చక్రవర్తి ఒక శాసనం చేశాడు. పాపీనియన్, పౌలస్, గాయస్, ఉల్పియన్, మోడెస్టినస్ అనే ఐదుగురి మాట చెల్లుతుంది. అప్పటికి ఐదుగురూ ఎప్పుడో పోయారు. భేదం వస్తే ఎక్కువమంది ఎటుంటే అటు. సరిసమానంగా చీలితే పాపీనియన్ చెప్పిందే. చనిపోయినవాళ్లతో ఓటింగు!

తర్వాత జస్టీనియన్ చక్రవర్తి ఆ గుట్టంతా తన న్యాయాధికారి ట్రిబోనియన్ చేత జల్లెడ పట్టించి 533లో యాభై భాగాల డైజెస్ట్ తెచ్చాడు. దీని మీద వ్యాఖ్యానాలు రాయకూడదని ఆంక్ష కూడా పెట్టాడు. 11వ శతాబ్దం చివర్లో ఇటలీలోని బొలోన్యాలో ఆ పుస్తకం మళ్లీ చేతికి దొరికాక పండితులు చేసిన మొదటి పని, మార్జిన్ల నిండా వ్యాఖ్యానం రాయడం. యూరప్‌లో చట్టం చదువు అక్కడ మొదలైంది.

నాలుగోపాదం

ఈ దారంలో ఆలస్యంగా చేరాను. మన దగ్గరి ముక్క ఒకటి ఇక్కడ సరిపోతుంది. అర్థశాస్త్రంలో వివాదం తేల్చడానికి నాలుగు పాదాలు చెప్పారు: ధర్మం, వ్యవహారం, చరిత్రం, రాజశాసనం. ధర్మం సత్యం మీద, వ్యవహారం సాక్షుల మీద నిలుస్తాయి. చరిత్రం అంటే ఇక్కడ జనంలో స్థిరపడిన ఆచారం. నాలుగోది రాజాజ్ఞ. వెనకది ముందుదాన్ని బాధిస్తుంది, అంటే పక్కకి నెడుతుంది. ఇంతవరకు చదివి కౌటిల్యుడు ఆస్టిన్‌కి తాత అనేస్తారు చాలామంది. అదే అధ్యాయంలో కొంచెం ముందుకెళ్తే, ఆచారమో వ్యవహారశాస్త్రమో ధర్మశాస్త్రంతో ఢీకొంటే ధర్మాన్ని బట్టి తేల్చమంటాడు. రెండూ పక్కపక్కనే పెట్టి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి. 12వ శతాబ్దం మొదట్లో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ఒక స్మృతికి వ్యాఖ్యానం మాత్రమే. ఆయనకి చట్టం చేసే అధికారం ఎవరూ ఇవ్వలేదు. అయినా ఆస్తి పంపకాలు శతాబ్దాల పాటు ఆ పుస్తకాన్ని బట్టి నడిచాయి. తిక్కన శిష్యుడు కేతన దాన్ని తెలుగు పద్యాల్లో కూడా పెట్టాడు. 1868లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకి లండన్‌లోని ఆఖరి కోర్టు) రామనాథపురం కేసులో ఒక మాట తేల్చింది. స్పష్టంగా రుజువైన ఆచారం ముందు గ్రంథంలో రాసింది నిలవదు అని. రాజాజ్ఞ, శాస్త్రం, ఆచారం, వ్యాఖ్యాత, ఈ నలుగురిలో "మొదటి" చట్టం చేసినవాడు ఎవరంటే నేను చెప్పలేను.

అన్నట్టు తెలుగులో తలుపు చుట్టూ ఉండే చట్రాన్ని కూడా చట్టం అనేవారు. తలుపుకి ఆధారం చట్టం, చట్టానికి ఆధారం గోడ. గోడ చట్టం కాదు.

అడ్డుప్రశ్న

గోడ గురించే అడుగుతున్నా. గోడే కుళ్లిపోతే? హిట్లర్ కాలంలో కూడా చట్టాలు పద్ధతిగా గెజెట్లో అచ్చయ్యాయి, జడ్జీలు వాటిని ఒప్పుకున్నారు. తర్కం గారి హార్ట్ లెక్కన అవి చట్టాలే కదా?

తర్కం

అవును. చట్టాలే. దుర్మార్గమైన చట్టాలు. పాటించకూడని చట్టాలు. "చట్టమే కాదు" అనేస్తే నైతిక ప్రశ్న తేలిపోయినట్టు అనిపిస్తుంది కానీ తేలదు.

అడ్డుప్రశ్న

అంటే లక్షల మందిని చంపినా సంతకం సరిగ్గా ఉంటే చాలన్నమాట. మీ లాంటివాళ్ల వల్లే…

నిర్వాహకులు

వ్యక్తిగతంగా వెళ్లొద్దు. పై పోస్టులో చివరి రెండు వాక్యాలు తీసేశాం.

వాయిదా_వకీలు

ఈ తగువు మీ ఇద్దరిదే కాదు లెండి. జర్మనీలో గుస్టావ్ రాడ్‌బ్రుక్ అనే ఆయన, నాజీలు కుర్చీలోంచి దించేసిన ప్రొఫెసర్, 1946లో ఒక గీత గీశాడు. చట్టం అన్యాయంగా ఉన్నా మామూలుగా చట్టమే, ఎందుకంటే నిలకడ కూడా ఒక విలువ. కానీ అన్యాయం భరించలేని స్థాయికి పోతే, సమానత్వాన్ని కావాలనే తొక్కేస్తే, అది చట్టం హోదానే పోగొట్టుకుంటుంది. హార్ట్, అమెరికా న్యాయవేత్త లాన్ ఫుల్లర్ 1958లో దీని మీదే పత్రికలో ఎదురెదురుగా రాసుకున్నారు. పుస్తకాల్లో ఉండిపోయిందా అంటే లేదు. బెర్లిన్ గోడ దాటబోయినవాళ్లని కాల్చిన సరిహద్దు సైనికుల కేసుల్లో, 1990లలో, జర్మన్ కోర్టులు రాడ్‌బ్రుక్ గీతనే వాడాయి.

నాకైతే గీత ఎక్కడ గీయాలో జడ్జికి వదిలేయడం టెన్షనే. గీత లేకపోవడం ఇంకా పెద్ద టెన్షన్.

నల్లకోటు_ఇంకా_రాలేదు

ఇంగ్లండు వేరే దారి ఎందుకు పట్టిందో ఎవరూ చెప్పలేదు. గుమాస్తా గారూ?

బెంచిగుమాస్తా

నాకు తెలిసింది చెబుతాను. రెండో హెన్రీ (1154-1189) జడ్జీలని దేశమంతా తిప్పాడు. ప్రాంతానికో ఆచారం ఉన్నచోట రాజుగారి కోర్టు అందరికీ ఒకే మాట చెప్పడం మొదలైంది, కామన్ లా అన్న పేరు అందుకే. దావా వేయాలంటే రాజుగారి కచేరీ నుంచి రిట్, అంటే దావా మొదలుపెట్టే ఆజ్ఞాపత్రం, కొనుక్కోవాలి. ఒక్కో తగువుకి ఒక్కో రిట్. మీ తగువుకి రిట్ లేకపోతే మీకు దారి లేదు. దారి లేనివాళ్లు రాజుగారి మనస్సాక్షి అయిన ఛాన్సలర్ దగ్గరికి వెళ్లారు. ఆయన దగ్గర ఇంకో కోర్టే పుట్టింది, ఈక్విటీ అని. రెండు కోర్టులూ శతాబ్దాలు పోట్లాడుకున్నాక 1873-75 చట్టాలతో కలిపేశారు. బొలోన్యా చదువు జోరందుకుని యూరప్ అంతా పాకేసరికి ఇక్కడ జడ్జీలు, రిట్లు, వకీళ్లు అన్నీ కుదురుకున్నాయి. రోముని తెచ్చి పెట్టుకునే ఖాళీ లేదు.

జ్యూరీ సంగతి మరీ విచిత్రం. కాల్చిన ఇనుము పట్టించి, నీళ్లలో వేసి నేరం తేల్చేవారు. 1215లో చర్చి మహాసభ పూజారులు ఇందులో పాల్గొనకూడదంది. దేవుడి సాక్ష్యం ఆగిపోయింది. ఇప్పుడు తేల్చేదెవరు? పన్నెండుగురు ఇరుగుపొరుగుని కూర్చోబెట్టారు. అదే ఏడాది మాగ్నా కార్టా కూడా. అందరూ దాన్నే తలుచుకుంటారు, పోప్ పది వారాలకే దాన్ని రద్దు చేసేశాడు, తర్వాత మళ్లీ మళ్లీ జారీ చేయాల్సి వచ్చింది. నన్నడిగితే ఆ ఏడాది కోర్టు గదిని మార్చింది ఇనుము ఆపడమే.

పాతవి ఎంత మొండిగా బతుకుతాయో చెప్పి ముగిస్తాను. 1817లో ఏబ్రహాం థార్న్‌టన్ అనేవాడిని హత్య కేసులో జ్యూరీ వదిలేసింది. చనిపోయిన అమ్మాయి వాళ్ల అన్నయ్య పాత పద్ధతిలో మళ్లీ ప్రైవేటు దావా వేశాడు. థార్న్‌టన్ లేచి, నాతో యుద్ధం చేసి నిరూపించు అని కోర్టులో చేతితొడుగు విసిరాడు. ద్వంద్వయుద్ధంతో తేల్చే హక్కు ఉన్నట్టు జనం మరిచిపోయి తరాలైంది.

అడ్డుప్రశ్న

ఒప్పుకున్నారా?!

బెంచిగుమాస్తా

1818 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. మేం చట్టం ఎలా ఉందో చెప్పాలి గానీ ఎలా ఉంటే బాగుండునో కాదు అన్నారు ప్రధాన న్యాయమూర్తి. అన్న బరిలోకి దిగలేదు. థార్న్‌టన్ ఇంటికి పోయాడు. మరుసటి ఏడాది, 1819లో, పార్లమెంటు ఆ పద్ధతి రద్దు చేసింది.

నల్లకోటు_ఇంకా_రాలేదు

తర్కం గారూ, ఇక్కడ దొరికారు! అధికారులు ఆచరిస్తున్నారు కాబట్టే చట్టం అన్నారు మీరు. ద్వంద్వయుద్ధాన్ని అప్పటికి ఎవరూ ఆచరించడం లేదు. అయినా చట్టమే అన్నారు.

తర్కం

మంచి దెబ్బే. కానీ ఆ జడ్జీలు ఆచరించినది ద్వంద్వయుద్ధాన్ని కాదు, "పార్లమెంటు తీసేసే దాకా పాతది ఉన్నట్టే" అనే కొలబద్దని. దానికి మాత్రం వాళ్లు ఏ చట్టాన్నీ ఉదహరించలేదు చూడండి.

నల్లకోటు_ఇంకా_రాలేదు

అంటే నా గొలుసు చివర చట్టం లేదు, ఆ ఉదయం బెంచి మీద కూర్చున్న నలుగురు జడ్జీల అలవాటు ఉంది.

వాయిదా_వకీలు

అలవాటు మాత్రమే కాదు. బయట థార్న్‌టన్ అంటే మండిపడుతున్న జనం ఉన్నారు. వాళ్లు కూడా ఆ తీర్పుని భరించారు. కోపంతోనే అనుకోండి, భరించారు.

బెంచిగుమాస్తా

నాకు మాత్రం ఆ చేతితొడుగు ఫైల్లో ఏ నంబరు కింద పెట్టి ఉంటారా అని అనుమానం.